విశాఖ కలెక్టర్ గారికి, ముఖం కదలని మా నాన్నగారి తరఫున

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మా నాన్నగారు రిటైరైన ఉద్యోగి. ఆయనకు పార్కిన్సన్స్. చేతి వణుకు చూసి అందరూ కుర్చీ జరుపుతారు, ఆ మర్యాదకు లోటు లేదు. ముఖం సంగతే ఎవరికీ తెలియదు. మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు తగ్గిపోవడంతో కాళ్లూ చేతులూ నెమ్మదించినట్టే ముఖ కండరాలూ నెమ్మదిస్తాయి. నవ్వు వచ్చినా పెదాలు కదలవు. మామూలుగా నిమిషానికి 15, 20 సార్లు పడే రెప్ప బాగా తగ్గుతుంది. గొంతూ సన్నబడుతుంది. లోపల కోపం, సంతోషం, వెటకారం అన్నీ అలాగే ఉంటాయి. మా నాన్నగారికి ఆ చివరిది కాస్త ఎక్కువే.

కౌంటర్ దగ్గర ఆయన జవాబు చెప్పడానికి కొంచెం టైమ్ పడుతుంది. అంతలోనే ప్రశ్న నావైపు తిరుగుతుంది. "పెద్దాయనకి వినపడదా అమ్మా? మతిమరుపా?" అని ఆయన ముందే అడుగుతారు. ఆయనకు అన్నీ వినపడుతున్నాయి, అన్నీ అర్థమవుతున్నాయి.

ఇక నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ టెన్షన్, అంటే పెన్షన్ ఆగకుండా బతికే ఉన్నామని ఏటా ఇచ్చే రుజువు. ఫోన్‌లో ముఖం చూపించి రెప్ప వేయమంటారు. మిగతావాళ్లకు ఇంట్లోనే అయిపోయే పని, ఎంతో మేలు. మా నాన్నగారికి తల నిలవదు, రెప్ప ఆలస్యంగా పడుతుంది, యాప్ ఊరుకోదు. నిరుడు ఒకచోట "ఇంకోరోజు రండి" అని పంపేశారు. వేలిముద్ర, కాగితం సర్టిఫికెట్ లాంటి దారులున్నాయని అక్కడ ఎవరూ చెప్పలేదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఒకటి. కాబట్టి దయ చూపమని అడగడం లేదు. సచివాలయాలకు, పెన్షన్ పనులు చూసే ఆఫీసులకు ఒక సర్క్యులర్ ఇవ్వండి. ప్రశ్న పేషెంటునే అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. ముఖం చూపించే పద్ధతి కుదరకపోతే తిప్పి పంపకుండా అక్కడికక్కడే వేరే దారి చూపాలి. మాత్ర వేసుకున్నాక కొన్ని గంటలు ఈ పేషెంట్లు బాగా కదలగలరు, మాట్లాడగలరు. అది తగ్గాక మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఏ టైమ్‌కి రావాలో వాళ్లనే చెప్పుకోనివ్వాలి. బ్యాంకులు మీ కింద పనిచేయవని తెలుసు. కానీ జిల్లా బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీకి అధ్యక్షులు మీరే కదా, అక్కడ ఒక్క మాట అనండి. సంతకం చిన్నదైపోవడం కూడా ఈ జబ్బు లక్షణమేనని వాళ్లకు తెలిస్తే "పాత సంతకంతో కలవలేదు" అన్న గొడవా తగ్గుతుంది. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) మీ కలెక్టరేట్ పక్కనే ఉంది. అక్కడి న్యూరాలజీ డాక్టర్లలో ఒకరు వచ్చి సిబ్బందికి అరగంట చెప్పినా చాలు.

సోమవారం మీరు ప్రజల అర్జీలు తీసుకునే పీజీఆర్ఎస్‌లో ఇదే విషయం అర్జీగా ఇస్తున్నాం. నాన్నగారు కూడా వస్తారు. వివరాలు ఆయన్నే అడగండి.

ఇట్లు,
ఒక పెన్షనర్ కూతురు,
విశాఖపట్నం