మా నానమ్మ రేకు పెట్టె ఇల్లు చేరింది

అందరికీ వందనాలు. రాత్రి పదకొండు దాటింది. పదిహేను రోజులుగా కంటి నిండా నిద్ర లేదు కాబట్టి ఈ రాతలో ఎక్కడైనా తడబాటు ఉంటే మన్నించండి. నవంబరు 30న లాలాగూడ నుంచి ఉప్పల్‌కు ఇల్లు మారుతుండగా పోయిన మా నానమ్మ క్రిస్మస్ పెట్టె ఈ రోజు, డిసెంబరు 15 ఆదివారం, ఆరాధన ముగిశాక తిరిగి నా చేతికి వచ్చింది. దాన్ని కాపాడి తెచ్చి ఇచ్చిన తల్లికి నలుగురి ముందు కృతజ్ఞత చెప్పుకోకపోతే నా మనసు ఊరుకోదు.

తెలియనివారికి అది తుప్పు పట్టిన రేకు పెట్టె మాత్రమే. మా ముత్తాత మెదక్ గుడి (చర్చి) కట్టేటప్పుడు రాళ్లు మోసిన కూలీ. 1914లో మొదలైన ఆ కట్టడం పదేళ్లపాటు, కరవు రోజుల్లో, చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు పనీ తిండీ ఇచ్చింది. 1924 డిసెంబరు 25న గుడి ప్రతిష్ఠ జరిగినప్పుడు మిషన్‌లోని ఒక దొరసాని నర్సు మా ముత్తవ్వ చేతిలో పెట్టిన, క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే పన్నెండు గాజు గుండ్లలో ఇప్పటికి తొమ్మిది మిగిలాయి. లోపల వెండి పూత, పైన చిన్న ఇత్తడి మూత, ఉల్లిపొరంత పలుచని గాజు. సరిగ్గా నూరేళ్లు నిండే ఈ క్రిస్మస్‌కే అవి పోయాయన్న ఆలోచన నన్ను ఒక్క రాత్రి కూడా నిద్రపోనివ్వలేదు.

గుండ్లతోపాటు పద్నాలుగు కొండపల్లి బొమ్మలు ఉన్నాయి. నానమ్మది బెజవాడ వైపు ఊరు. 1951లో ఆమె పెళ్లికి వాళ్ల నాన్న కొండపల్లిలో చెప్పి చేయించిన, యేసు పుట్టిన పశువుల పాక అది. తెల్ల పొణికి కర్రతో ముక్కలు ముక్కలుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, రంగులు వేసిన ఆ బొమ్మల్లో గొర్రెల కాపరులు తలపాగాలతో, భుజాన గొంగళ్లతో ఉంటారు. జ్ఞానుల్లో ఒకాయన ఒంటె మీద కాక అంబారీ ఏనుగు మీద వస్తాడు, ఎందుకంటే ఆ పనివాళ్ల చేతికి అలవాటైన వాహనం అదే. చిన్నప్పుడు నేను బేత్లెహేముకు ఏనుగులు వెళ్లాయనే నమ్మేదాన్ని. ఇవి కాక, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన తాతయ్య కట్టిన వెదురు బద్దల నక్షత్రం ఉంది. దానికి ఏటేటా కొత్త రంగు కాగితం అంటిస్తాం.

మూత లోపలి వైపున నానమ్మ ఒక కాగితం అంటించింది. ఏ వస్తువు ఏ ఏట వచ్చింది, ఎవరిచ్చారు, ఏది ఎవరి చేతిలో పగిలింది అన్నీ వరుసగా రాసి, అడుగున తన పేరు, సికింద్రాబాద్‌లోని మా సంఘం పేరు రాసుకుంది. చివరికి ఆ కాగితమే పెట్టెను ఇంటికి చేర్చింది.

సామాను చేరవేసిన సంస్థ కాగితంలో 47 వస్తువులు రాసి ఉన్నాయి, దిగినవి 46. ఫోను చేస్తే, పాత రేకు పెట్టెకు ఐదు వందలు ఇస్తాం, సంతకం చేయండి అన్నారు. దొంగతనమేమోనని మొదట వెళ్లిన పోలీస్ స్టేషన్‌లో సామాను దిగిన చోట ఫిర్యాదు చేయమన్నారు, అక్కడికి వెళితే సామాను ఎక్కిన చోటికే పొమ్మన్నారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే చట్టం 173వ సెక్షన్ చెబుతోందని మా తమ్ముడు చూపించినా, పెట్టె విలువ ఎంత, కొన్న రసీదు ఏది అన్న ప్రశ్న దగ్గరే మాట ఆగిపోయింది. కృతజ్ఞత చెప్పే చోట ఫిర్యాదు చేయడం నాకూ ఇష్టం లేదు. కానీ ఒక ముసలామె జీవితకాలం దాచుకున్నదాన్ని రసీదు లేదు కాబట్టి పోయినట్టే కాదన్నట్టు మాట్లాడితే, ఆ మాట పడ్డవారికి ఎంత నొప్పిగా ఉంటుందో ఆ బల్లకు అవతల కూర్చున్నవారు ఒక్కసారి ఆలోచించాలి.

జరిగింది దొంగతనం కాదని ఈ రోజు తెలిసింది. సామాను ఎక్కించినవాళ్లు పెట్టెను గేటు బయట, మేం వదిలేసిన విరిగిన కుర్చీల పక్కన దించి మరిచిపోయారు. తోపుడు బండి మీద పాత సామాన్లు కొనే అతను దాన్ని కూడా పారేసినదే అనుకుని తీసుకువెళ్లి లాలాపేటలోని ఒక దుకాణంలో వేశాడు. ఆ దుకాణం నడిపే దంపతుల్లో భార్య గురించే నేను చెప్పాలనుకుంటున్నది. తన పేరు రాయవద్దని ఆమె కోరారు, అందుకే రాయడం లేదు.

భర్త రేకును తూకం వేశాడు. లోపలివి బయటికి తీస్తున్నప్పుడు పాత గుడ్డలో చుట్టిన బాలయేసు బొమ్మ, నా మధ్యవేలంత ఉంటుంది, ఆమె చేతికి వచ్చింది. "పసిపిల్లగాని బొమ్మ గదమ్మా, ఇనుము మీద ఎట్ల ఏస్తం?" అని ఈ రోజు నాతో అన్నారు. బొమ్మలన్నీ ఇంట్లోకి తీసుకువెళ్లి గూట్లో పెట్టారట. గాజువి పలుగుతాయని బియ్యం డబ్బాలో పూడ్చి ఉంచి, అవసరమైనప్పుడల్లా వంటకు పైపైన బియ్యం తీసుకుంటూ వచ్చారట. పదో తరగతి చదువుతున్న కూతురు మూత మీది కాగితాన్ని చదివి వినిపిస్తే, ఆ లెక్క ప్రకారం పద్నాలుగు బొమ్మలూ, తొమ్మిది గుండ్లూ సరిచూసుకున్నారు. దేవదూత బొమ్మకు ఒక రెక్క ఊడిపోతే దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి, పోకుండా రబ్బరు వేసి మరీ తెచ్చారు. ఆ అగ్గిపెట్టె తెరిచి చూపించినప్పుడు నేను అంతమంది మధ్య గట్టిగా ఏడ్చేశాను.

ఇంకొక మాట విన్నాక నాకు కాళ్లు ఆడలేదు. ఆమె క్రితం ఆదివారమే, డిసెంబరు 8న, కూతురితో మా గుడి దాకా వచ్చారు. లోపల ఆరాధన జరుగుతోందని, పనిబట్టలతో మధ్యలో ఎలా వస్తామని గేటు దగ్గరే చాలాసేపు నిలబడి వెళ్లిపోయారు. అదే సమయంలో నేను లోపల లేచి నిలబడి, మా పెట్టె దొరకాలని ప్రార్థించమని సంఘాన్ని అడుగుతున్నాను. గేటుకూ నాకూ మధ్య నలభై అడుగులు కూడా ఉండవు. ఆ ఎండలో నిలబడి వెళ్లినా విసుగుపడకుండా, వారం ఆగి, దుకాణం మూసుకుని మళ్లీ వచ్చారు.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పెట్టె కోసం వాళ్లు చెల్లించిన తూకం డబ్బైనా తీసుకోమని బతిమాలితే, నా ఐదు వందల నోటు తీసుకుని, మూడు వందలు వెనక్కి లెక్కపెట్టి ఇచ్చారు. అక్కా, మీ రుణం నేను తీర్చుకోగలిగేది కాదు. ఇంటికి వచ్చి గుండ్లు తుడుస్తుంటే ఒకదాని ఇత్తడి మూత సందులో బియ్యపు గింజ ఇరుక్కుని కనిపించింది. దాన్ని తీయబుద్ధి కాలేదు, అలాగే ఉంచాను.

మా ఆయన, తమ్ముడు, పిల్లలు నాతోపాటు తిరిగారు. ఇంటివాళ్లకు వేరే చెప్పేదేముంది. ఆరాధన తరువాత ప్రకటనల్లో రెండు వారాలూ పెట్టె విషయం చదివిన పాస్టరుగారికి వందనాలు. ఈ రోజు ఆ తల్లీకూతుళ్లు మళ్లీ గేటు దగ్గరే ఆగిపోతే, వెళ్లి చేయి పట్టుకుని లోపలికి తీసుకువచ్చిన మా గుడి గంట కొట్టే తాతకు ప్రత్యేకంగా వందనాలు.

24వ తేదీ సాయంత్రం మా ఇంట్లో పశువుల పాక పెడుతున్నాం. అక్క, పాప వస్తామని మాట ఇచ్చారు. మూత మీద నానమ్మ కాగితంలో అడుగున ఇంకా రెండు వరుసల చోటు ఉంది. 2024 కింద జరిగింది పాప చేతనే రాయించాలని అనుకుంటున్నాను.

మరిచిపోయాను, క్షమించండి: తోపుడు బండి అతను ఏ వీధుల్లో తిరుగుతాడో చెప్పిన పాత ఇంటి ఎదురుగా ఇస్త్రీ చేసే అన్నకు, పెట్టె ఫోటో వెతికి పంపిన మా మేనత్తకు, దేవదూత రెక్కను పాత పద్ధతిలో మక్కుతోనే అతికించి ఇస్తానన్న మా వీధి వడ్రంగి బాబాయికి కూడా నా వందనాలు.