6.5 క్రీడ్‌మూర్: బలం కాదు, ఆకారం

సంపాదకులకు నమస్కారం.

దూరశ్రేణి రైఫిళ్ళ గురించి రాసేవారు 6.5 క్రీడ్‌మూర్‌ను ‘అతి శక్తిమంతమైన తూటా’ అనేస్తున్నారు. అది నిజం కాదు. మన సైన్యం వాడే .338 లపువా మాగ్నమ్ ముందు ఇది చిన్నపిల్ల. 2007లో అమెరికాలో హార్నడీ సంస్థ దీన్ని రూపొందించింది సైన్యం కోసం కాదు, గురి పోటీల కోసం. న్యూయార్క్ దగ్గర 19వ శతాబ్దంలో వెలిసిన క్రీడ్‌మూర్ షూటింగ్ మైదానం పేరే దీనికి పెట్టారు.

అసలు కిటుకు కేసు (మందుగుండు నింపి, మూతి దగ్గర బుల్లెట్‌ను కూర్చే లోహపు గొట్టం) పొడవులో ఉంది. అంతకుముందే ఉన్న .260 రెమింగ్టన్ అనే తూటా కేసు 51.7 మిల్లీమీటర్లు. పొడవాటి సన్నని బుల్లెట్ పెడితే రైఫిల్‌లో తూటాలు పెట్టే మ్యాగజైన్‌లో పట్టదు, లోపలికి నొక్కితే మందుగుండుకు చోటు తగ్గుతుంది. క్రీడ్‌మూర్ కేసును 48.8కి కుదించారు. ఇబ్బంది తీరింది.

140 గ్రెయిన్ల (సుమారు 9 గ్రాములు) బుల్లెట్ సెకనుకు దాదాపు 820 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. గాలిని తేలిగ్గా చీల్చుకుపోతుంది కనుక సుమారు 1,200 మీటర్ల దాకా ధ్వని వేగం కన్నా ముందే ఉంటుంది. పోటీల్లో వాడే .308 తూటా 900 మీటర్లు దాటేసరికే ధ్వని వేగం దగ్గరికి పడిపోయి తడబడుతుంది. పైగా పేల్చినప్పుడు ఇది భుజాన్ని వెనక్కి తన్నే దెబ్బ తక్కువ.

బ్యారెల్ (తుపాకీ గొట్టం) లోపల బుల్లెట్‌ను గిర్రున తిప్పే మెలి గాడి 8 అంగుళాలకు ఒక చుట్టు తిరగాలి. 10 అంగుళాలదైతే ఈ పొడవాటి బుల్లెట్ సరిగా స్థిరపడదు, గురి చెదురుతుంది. బ్యారెల్ ఆయుష్షు కూడా .308 కన్నా తక్కువే. సన్నని గొట్టంలో వేడి వాయువులు గాడి మొదలును త్వరగా తినేస్తాయి. ఈ సంగతి ప్రకటనల్లో కనబడదు లెండి.

ఇట్లు,
ఒక పాఠకుడు