బుజ్జిదానికి డైపర్ రాష్ వచ్చిందని కంగారు పడకు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసుకుని మరీ చూశాను. పిరుదుల మీద, తొడల లోపలివైపు ఎర్రగా కందింది. గజ్జల మడతల్లో మాత్రం చర్మం మామూలుగానే ఉంది. అది చూశాకే నా మనసు కుదుటపడింది. డైపర్ ఆనుకునే చోటే కంది, మడతలు బాగున్నాయంటే అది చాలావరకు తడి వల్ల, ఒరుపు వల్ల వచ్చిన రాషే. "నేను సరిగ్గా చూసుకోవట్లేదేమో" అని రాశావు చూడు, ఆ మాట నాకు నచ్చలేదు. ఎంత శ్రద్ధగా చూసుకున్నా పిల్లలకు ఇది వస్తుంది, కొద్ది రోజుల్లో పోతుంది కూడా.

ఎందుకొస్తుందో తెలిస్తే ఏం చేయాలో నీకే తడుతుంది. తడిలో నానిన చర్మం మెత్తబడి, డైపర్ రాపిడికి ఇట్టే ఒరుసుకుపోతుంది. దానికి తోడు మూత్రం, మలం కలిసి ఉంటే మూత్రంలోని యూరియా విడిపోయి అమ్మోనియా తయారవుతుంది. దాంతో చర్మాన్ని కాపాడే కొద్దిపాటి ఆమ్లగుణం పోతుంది. అప్పుడు మలంలోని ఎంజైములు మరింత చురుగ్గా పనిచేసి చర్మాన్ని దెబ్బతీస్తాయి. అందుకే పాస్ పోస్తూ ఉంటే రెండు మూడు గంటలకోసారి మార్చినా సరిపోతుంది గానీ, దొడ్డికి వెళ్తే మాత్రం వెంటనే మార్చాలి. నిద్రపోతోంది కదా అని వదిలేయకు.

కడిగే పద్ధతి అసలు ముఖ్యం. గోరువెచ్చని నీళ్ళు, దూది లేదా మెత్తటి గుడ్డ చాలు. ఆడపిల్ల కాబట్టి ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే తుడవాలి. బయటికి వెళ్ళినప్పుడు వైప్స్ తప్పవనుకుంటే సువాసన, ఆల్కహాల్ లేనివి చూసి కొను. కడిగాక రుద్దకుండా గుడ్డతో అద్దు. ఆ తర్వాత కాసేపు డైపర్ లేకుండా వదిలెయ్. కింద మందంగా గుడ్డ పరిచి, నువ్వు పక్కనే కూర్చో. పక్క తడిపితే తడిపింది! గాలి తగిలినంత మేలు ఇంకేదీ చేయదు.

చర్మం పూర్తిగా ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీమ్ గానీ, పెట్రోలియం జెల్లీ గానీ రాయి. చాలామంది దీన్ని చేతులకు రాసుకునే క్రీమ్‌లా పలచగా రాసి ఇంకిపోయేదాకా మర్దన చేస్తారు. అలా కాదు. కింద చర్మం కనిపించనంత తెల్లగా, మందంగా పట్టించాలి. చర్మానికి తడి తగలకుండా ఆపడమే దాని పని. మళ్ళీ మార్చేటప్పుడు పైన అంటిన మలినం వరకే తుడిచి, కింద మిగిలిన క్రీమ్‌ను ఉండనిచ్చి, దాని మీదే ఇంకాస్త రాయి. మొత్తం గీకి తీస్తే, మానుతున్న చర్మం మళ్ళీ రేగుతుంది.

పౌడర్ వద్దు. ఎవరు చెప్పినా వద్దు. ఆ ధూళి పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో మిగిలిన స్కిన్ ఆయింట్‌మెంట్లు కూడా ముట్టుకోకు. చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. పలచని చర్మం, పైన మూసిన డైపర్, ఈ రెండూ తోడైతే ఆ మందు ఒంట్లోకి ఎక్కువగా పోతుంది. డాక్టర్ రాసిస్తే తప్ప వద్దు.

ఇక రోజూ మడతలు విప్పి చూడు. అక్కడ కూడా బాగా ఎర్రబడి, చుట్టూ చిన్న చిన్న ఎర్ర పొక్కులు విడివిడిగా కనిపిస్తే ఫంగస్ పట్టి ఉండొచ్చు. దానికి మామూలు క్రీమ్ చాలదు, డాక్టర్ ఫంగస్ తగ్గే మందు రాస్తారు. యాంటీబయాటిక్ వాడిన తర్వాత ఇలా వచ్చే అవకాశం ఎక్కువ. జ్వరం వచ్చినా, చీము పట్టినా, నీటి పొక్కులు లేచినా, రక్తం కారినా ఆ రోజే చూపించు. ఇవేవీ లేకపోయినా, రెండు మూడు రోజులు ఇలా చేసినా తగ్గకపోతే ఇంకా ఆగొద్దు.

తగ్గాక కూడా డైపర్ మరీ బిగించకు, నడుము దగ్గర వేలు దూరేంత వదులు ఉండాలి. గుడ్డ డైపర్లు వాడితే సబ్బు వాసన పోయేదాకా జాడించు. ఘనాహారం మొదలుపెట్టినప్పుడు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇది మళ్ళీ రావొచ్చు. ఆ రోజుల్లో ఎర్రబడకముందే ప్రతిసారీ క్రీమ్ రాసేయ్.

రాత్రిపూట డైపర్ మార్చేది అల్లుడే కదా, ఈ ఉత్తరం అతనికీ చదివి వినిపించు. క్రీమ్ మందంగా రాయాలన్న సంగతి మాత్రం రెండుసార్లు చెప్పు.

ప్రేమతో,
అమ్మ