పొద్దున ఆపరేషన్, సాయంత్రానికి ఇల్లు

సంపాదకులకు,

మోకీలు మార్చి అదే రోజు ఇంటికి పంపిస్తామనే ప్రకటనలు ఈమధ్య బాగా కనిపిస్తున్నాయి. పోయిన నెల మా అమ్మకు అలాగే చేయించాం. ఆపరేషన్ మీద నాకు ఫిర్యాదు లేదు. నడుముకు మత్తు సూది, తొడలో నరం దగ్గర ఇంకో ఇంజెక్షన్, రక్తం ఎక్కువ పోకుండా ట్రానెక్సామిక్ యాసిడ్, అంతే, మధ్యాహ్నానికి వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసింది. అమెరికాలో పెద్దవయసు వాళ్లకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, మెడికేర్ వాళ్లు 2018లోనే ఈ ఆపరేషన్‌ను ఆసుపత్రిలో చేర్చుకుని (ఇన్‌పేషెంట్‌గా) మాత్రమే చేయాల్సిన వాటి జాబితాలోంచి తీసేశారు, తుంటి కీలును 2020లో.

అసలు కష్టం ఇంటికొచ్చాకే. మాది లిఫ్టు లేని రెండో అంతస్తు. అమ్మ సగం మెట్ల దగ్గర కడ్డీ పట్టుకుని ఆగిపోయి "ఈ ఒక్క రాత్రి అక్కడే ఉంటే పోయేది కదరా" అంది. రాత్రి రెండింటికి నరానికిచ్చిన మందు పవరు దిగి నొప్పి మొదలైతే, వాళ్లిచ్చిన నంబరు ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో కమోడ్ ఉందా, మెట్లున్నాయా, రాత్రి పక్కన ఎవరుంటారు అని ముందు ఒక్కరూ అడగలేదు మరి! పైగా ఇన్సూరెన్స్ టెన్షన్ ఒకటి, మామూలుగా 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలంటారు, అదే రోజు ఇంటికి పంపే చికిత్స (డే కేర్) కింద ఒప్పుకుంటారో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

ఆసుపత్రుల వాళ్లకు నేను చెప్పేది ఒకటే, డిశ్చార్జి కాగితం ఇచ్చేముందు పేషెంటును నాలుగు మెట్లు ఎక్కించి చూడండి, రాత్రిపూట ఎత్తే నంబరు ఇవ్వండి.

- ఒక పాఠకుడు, హనుమకొండ