బాబ్జీకి, ఒక బూటు సంగతి

ఒరేయ్ బాబ్జీ,

ముందే తిట్టకు. నీకు రాయాలని కూర్చోవడం, ఈలోపు పరీక్షో షిఫ్టో అడ్డం రావడం, ఇలాగే రోజులు గడిచిపోయాయి. చలి తగ్గింది, వాన తగ్గలేదు. అద్దె పెరిగింది. అమ్మ పంపిన ఆవకాయ అడుగంటింది. కబుర్లు ఇంతే. ఇక అసలు సంగతి విను, ఎవరికైనా చెప్పకపోతే పేలిపోయేలా ఉన్నాను.

మొన్న ఆదివారం మా రూమ్మేట్ అరవింద్‌తో ఇక్కడ కెనడాలో వాంకూవర్ దగ్గరున్న వైట్ రాక్ బీచ్‌కి వెళ్లాను. వాడు సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో క్రిమినాలజీ చదువుతున్నాడు. సముద్రం బాగా వెనక్కి పోయి ఉంది. నాచులో ఇరుక్కుని ఒక రన్నింగ్ షూ కనబడింది. ఉప్పాడలో కొట్టుకొచ్చిన చెప్పులు తొడుక్కుని ఊరేగిన చరిత్ర నీది కదా, నువ్వే గుర్తొచ్చి కాలితో తిప్పబోయాను. అరవింద్ నా కాలర్ పట్టుకుని వెనక్కి లాగాడు. "ముట్టుకోకు! లోపల కాలు ఉండొచ్చు."

కాలు! జోక్ అనుకున్నాను. వాడి మొహం చూశాక నవ్వు రాలేదు.

2007 ఆగస్టులో ఇక్కడి జెడెడయా అనే దీవిలో ఒక చిన్నమ్మాయికి ఒడ్డున బూటు దొరికిందట. లోపల మేజోడు, మేజోట్లో పాదం. వారం తిరక్కుండానే గాబ్రియోలా దీవిలో ఇంకోటి. రెండూ కుడికాళ్లే, రెండూ సైజు 12. అంటే ఇద్దరు మనుషులన్నమాట! ఆ తర్వాత ఒకటి వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. సీరియల్ కిల్లర్ అన్నారు, స్మగ్లర్లన్నారు, ఎవరి నోటికొచ్చింది వాళ్లు అన్నారు. 2008లో ఒక ప్రబుద్ధుడు ఏదో జంతువు పంజా ఎముకల్ని మేజోట్లో చుట్టి, బూట్లో పెట్టి, నాచు కుక్కి ఒడ్డున వదిలాడు కూడా. హాస్టల్ పుర్రె కేసు నిందితుడు ఆ రోజుల్లో ఎక్కడున్నాడో నాకు చెప్పాలి నువ్వు.

దీనికి జవాబు ఎక్కడ దొరికిందనుకున్నావ్? పందుల దగ్గర. అరవింద్ వాళ్ల యూనివర్సిటీలో గెయిల్ ఆండర్సన్ అని ఒక ప్రొఫెసర్ ఉన్నారు, శవాల మీద వాలే పురుగుల్ని బట్టి చనిపోయి ఎంతకాలమైందో లెక్కగట్టడంలో పెద్ద పేరు. ఆవిడ 2006 నుంచి చచ్చిన పందుల్ని సానిచ్ ఇన్‌లెట్‌లో సముద్రం అడుక్కి దింపించారు. లోతు వంద మీటర్లకు కాస్త తక్కువ. మనిషికి బదులు పంది ఎందుకంటే ఒళ్లూ చర్మమూ పేగులూ మనకి దగ్గరగా ఉంటాయట (నువ్వు మాట్లాడకు). అక్కడ విక్టోరియా యూనివర్సిటీ వాళ్ల వీనస్ అనే పరిశీలన కేంద్రం ఉంది, సముద్రం అడుగున కేబుళ్లతో నడిచేది, దాని కెమెరాలోంచి ఒడ్డున కూర్చునే చూడొచ్చు.

రాత్రి ఆ వీడియో చూశాను. పీతలు, రొయ్యలు! పెద్ద డంజనెస్ పీతలురా, ఇక్కడ జనం ఎగబడి తినేవి. మొదటి రెండు పందుల్నీ తొందరగానే లాగించేశాయి. మూడోదాన్ని దింపినప్పుడు నీళ్లలో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంది, పెద్ద పీతలు రాలేదు. వచ్చినవి స్క్వాట్ లాబ్‌స్టర్లనే చిన్న జీవాలు, వాటి నోటికి తోలు చిరగదు. పంది నెలల తరబడి దాదాపు అలాగే ఉండిపోయింది! అంటే ఒకే చోట, ఒకే లోతులో కూడా శవాన్ని చూసి "ఇన్ని రోజులైంది" అని చెప్పేయడం కుదరదు. పోలీసులకి ఇంతకన్నా పనికొచ్చే చదువేముంటుంది చెప్పు?

ఇక పాదం సంగతి. పీతలూ రొయ్యలూ మెత్తటి చోటే కొరుకుతాయి. చీలమండ దగ్గర ఎముకల్ని కలిపి ఉంచేది మెత్తటి కండా బంధనాలే, అవి పోయాక పాదం తనంతట తనే ఊడొస్తుంది. కోసిన గుర్తులేమీ ఉండవు. వెనకటి బూట్లయితే మునిగిపోయేవి, ఇప్పటి వాటి అడుగున తేలిక నురగ, గాలి గదులు, బెండులా పైకి తేల్చేస్తాయి. డీఎన్ఏతో చాలామందిని గుర్తుపట్టారు. ఎక్కువగా ఆత్మహత్యలు, ప్రమాదాలు. హంతకుడు లేడు. చాలామంది నిరాశపడ్డారని అరవింద్ అంటే నాకు ఒళ్లు మండింది. ఎవరో ఒకరి ఇంట్లో తలుపు వైపు చూస్తూ కూర్చున్నవాళ్లకి ఆ పాదమొక్కటే కదా మిగిలింది.

2019లో గోదావరిలో మునిగిన కచ్చులూరు టూరిస్టు బోటు గుర్తొచ్చిందిరా. సెప్టెంబర్ 15న మునిగింది, మన కాకినాడ ధర్మాడి సత్యం బృందం పైకి తీసేసరికి అక్టోబర్ 22. అయిదు వారాలు దాటాక దాన్లోంచి బయటపడ్డ శవాల్ని చూసి ఆనవాలు పట్టమంటే ఆ జనం... మన గోదావరి నీటికి, ఆ బురదకి, ఆ వేడికి ఎవరైనా ఇలాంటి లెక్కలు కట్టారా? ఏ కాలేజీలోనైనా? నువ్వు రంగరాయ మెడికల్ కాలేజీలో మీ ఫోరెన్సిక్ సార్‌ని అడుగు. సరదాకి కాదు, నిజంగా అడుగు.

అన్నట్టు బూట్లో ఏముందో చెప్పలేదు కదూ. అరవింద్ కర్రతో మేజోడు జరిపాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఇంత బుల్లి పీత ఒకటి చరచరా నా వైపే వచ్చింది. నేను వేసిన గెంతుకి పక్కన కుక్క కూడా మొరిగింది. ఇంకేం లేదు, ఇసక. ఈ ముక్క మాత్రం మీ చెల్లాయికి చెప్పకు, ఆవిడ దృష్టిలో నేనింకా ధైర్యవంతుణ్ణే, ఇంకో సంగతేమిటంటే ఆవిడ పెళ్లి గురించి నువ్వు రాసింది... అయ్యో, బస్సు టైమైపోయింది, అది మళ్లీ రాస్తా.

నీ
చిన్ని