ఆ ఫోన్ ఎవరి చేతుల్లో తిరుగుతుందో ముందు చూడాలి

సంపాదకులకు నమస్కారం.

లైంగిక హింసకు గురైనవారికి మానసికంగా ఆసరా ఇచ్చే యాప్‌ల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివి ఈ లేఖ రాస్తున్నాను. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ పదకొండేళ్లుగా యాప్‌ల రూపకల్పనే వృత్తిగా బతుకుతున్న నాకు, ఆ వ్యాసంలో ఒక ముఖ్యమైన సంగతి తప్పిపోయిందనిపించింది. ఇలాంటి యాప్ ఎంత తెలివిగా మాట్లాడుతుందో చూడటానికి ముందు, అది ఉన్న ఫోన్ ఎవరెవరి చేతుల్లో తిరుగుతుందో చూడాలి.

జాతీయ నేర నమోదు సంస్థ ఏటా వెలువరించే లెక్కల్లో, అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి ముందే తెలిసినవారు. (భర్త సంగతి వేరు, పద్దెనిమిదేళ్లు నిండిన భార్య విషయంలో మన చట్టం భర్త బలవంతాన్ని అత్యాచారంగా లెక్కించదు.) ఆమె ఫోన్ పాస్‌వర్డ్ తెలిసినవాడే ఆ నిందితుడు కూడా కావచ్చు. నలుగురు పంచుకునే పీజీ గదిలోనైతే, మంచం మీద వదిలేసిన ఫోన్‌లో ‘మీ థెరపీకి వేళయింది’ అన్న నోటిఫికేషన్ ఒక్కటి మెరిస్తే చాలు, విషయం బయటపడిపోతుంది. కాబట్టి యాప్ పేరు, గుర్తు మామూలుగా ఉండాలి, నోటిఫికేషన్లు ఆమె కోరితే తప్ప రాకూడదు, ఒక్క నొక్కుతో తెర మారిపోవాలి, ఫోన్ నంబరు అడగకుండానే పనిచేయాలి. ఇది అసాధ్యమేమీ కాదు: అమెరికాలో మాజీ సైనికుల కోసం 2011లో ప్రభుత్వమే విడుదల చేసిన ‘పీటీఎస్‌డీ కోచ్’ అనే యాప్‌కు (పీటీఎస్‌డీ అంటే ఘోరమైన అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక ఒత్తిడి) ఖాతా తెరవాల్సిన అవసరమే లేదు.

రెండోది, యాప్ అడిగే మొదటి ప్రశ్న. ‘ఏం జరిగిందో రాయండి’ అని మొదలుపెట్టడం తప్పు. ఆమె ఆ మాటలను పోలీసులకు, వైద్యులకు, వకీలుకు ఇప్పటికే చెప్పి అలసిపోయి ఉంటుంది. జరిగిన ఘటనను మళ్లీ మనసులోకి తెచ్చుకుని నయం చేసుకునే చికిత్సలు ఉన్నాయి, అవి పనిచేస్తాయి కూడా. కానీ అవి శిక్షణ పొందిన నిపుణుల ఎదుట జరగాల్సినవి, అర్ధరాత్రి ఒంటరిగా తెర ముందు కాదు. ఊపిరి నిమ్మళించే అభ్యాసం, చుట్టూ కనిపించే వస్తువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి వర్తమానంలోకి రావడం, నిద్ర ఎలా ఉందో రాసుకోవడం, కోర్టు వాయిదా తేదీ గుర్తుచేయడం వంటివి యాప్‌కు అప్పగించవచ్చు.

తెలుగు విషయంలో నాకు మరీ అసంతృప్తి. ఈ నగరంలో మనవాళ్లు చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తారు. తెలుగు లిపి మాత్రమే చదివే యాప్ వారికి ఉపయోగపడదు. పైగా మనవారు నేరాన్ని నేరుగా పేరు పెట్టి చెప్పరు. ‘చెయ్యి వేశాడు’ అంటారు, ‘నన్ను పాడు చేశాడు’ అంటారు. మొదటి మాటలోని తీవ్రతను యంత్రం పసిగట్టలేకపోవచ్చు. రెండోదాన్ని పసిగట్టినా, ‘మిమ్మల్ని పాడు చేసినందుకు బాధగా ఉంది’ అని అదే మాటను తిరిగి అంటే అంతకన్నా క్రూరత్వం ఉండదు. ఇంగ్లిష్‌లో రాసిన వాక్యాలను అనువదించి అతికించేవారికి ఇది తట్టదు.

పిల్లల విషయం మరింత చిక్కు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్ల లోపువారిపై అలాంటి నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మైనర్ల వివరాలు తీసుకోవడానికి సాధారణంగా తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. హింస ఇంట్లోనే జరుగుతుంటే ఆ పిల్ల ఎవరి అనుమతి తేవాలి? కనీసం తాను రాసేది ఎవరికి చేరుతుందో, పోలీసులకు ఎప్పుడు వెళుతుందో, మొదటి అక్షరం టైపు చేయకముందే సులువైన మాటల్లో చెప్పడం న్యాయం.

ఏ యాప్ అయినా మనిషి దగ్గరకు చేర్చే వంతెనగానే ఉండాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు ఉచితంగా, రాత్రీ పగలూ పనిచేస్తోంది; దాని సమన్వయ బాధ్యత మన నగరంలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌దే. ఈ రంగంలోకి దిగే సంస్థలు పాటించాల్సిన కనీస ప్రమాణాలను నిమ్హాన్స్ వంటి సంస్థ రూపొందించి ప్రకటించాలని, అందుకోసం ఈ బాధను దాటివచ్చిన స్త్రీలను, తెలుగు, కన్నడ కౌన్సెలర్లను కూర్చోబెట్టి, వారి సమయానికి తగిన వేతనం ఇచ్చి సలహా తీసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు