విషయం: తెల్లబారిన సైలాన్ ముక్క గురించి ఫిర్యాదు

కస్టమర్ ఫిర్యాదుల అధికారి గారికి,

మీ ఆన్‌లైన్ షాపులో 'కొత్తది, సీల్ తీయనిది' అని చూసి బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా బోర్డ్ గేమ్ ఆర్డర్ పెట్టాను. 14,500 రూపాయలు కట్టాను. మార్చి 9న పార్సిల్ వచ్చింది. అందులో ఒక ముక్క, అంటే ఆటలో పంచే కార్డు, అసలుది కాదు. ఎవరో ప్రింట్ తీసి, అట్టకి అతికించి, కత్తిరించి పెట్టారు. 16న మెయిల్ పెడితే మీ వాళ్లు నాలుగో రోజు చాట్‌లోకి వచ్చి, "ఒక్క కార్డే కదా సార్, గేమ్ ఆడుకోవచ్చు" అంటూ 10 శాతం కూపన్ ఇవ్వబోయారు. అది ఏ కార్డో తెలిస్తే ఆ మాట అనేవారు కాదు. అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

2004 నుంచి 2009 దాకా నడిచిన టీవీ సీరీస్ మీద ఫ్యాంటసీ ఫ్లైట్ గేమ్స్ 2008లో తెచ్చిన ఆట ఇది. ఆ కథలో మనుషులు తయారుచేసిన యంత్రాలే, అంటే సైలాన్లే, మనుషుల రూపంలో అంతరిక్ష ఓడల్లోకి చేరిపోతాయి. పక్కనున్నవాడు మనవాడో కాదో తెలీదు. ఆటంతా ఆ అనుమానం మీదే నడుస్తుంది. ఐదుగురు కూర్చుంటే, ఎవరు మనిషో ఎవరు సైలానో చెప్పే లాయల్టీ ముక్కలు పది కలుపుతారు, వాటిలో సైలాన్‌వి రెండే. మొదట్లో తలా ఒకటి, సగం దారిలో ఇంకొకటి పంచుతారు. అప్పటిదాకా ఓడని కాపాడినవాడు ఆ రెండో ముక్క చూసుకుని లోపల్లోపల శత్రువైపోవచ్చు.

ఇంధనం 8, తిండి 8, మనోబలం 10, జనాభా 12తో ఆట మొదలవుతుంది. వీటిలో ఏది అయిపోయినా మనుషులు ఓడినట్టే. గండం వచ్చినప్పుడు అందరూ చేతిలోని స్కిల్ ముక్కలు, గట్టెక్కించేవో చెడగొట్టేవో, బోర్లా వేస్తారు, ఎవరివీ కాని డెస్టినీ కట్ట నుంచి ఇంకో రెండు కలుపుతారు. చెడగొట్టే ముక్క వేసినవాడు "నాది కాదు, డెస్టినీలోంచి వచ్చిందేమో" అని తప్పించుకునే వీలుండేది అక్కడే. చిన్నప్పుడు దొంగ-పోలీసు చీటీలాట ఆడే ఉంటారు. నాలుగు చీటీలూ ఒకే నోట్‌బుక్ కాగితంలోంచి చింపుతాం కదా. దొంగ చీటీ ఒక్కటీ కిరాణా కొట్టు బిల్లు మీద రాస్తే ఇంకేం ఆట?

మీరు పంపిన నకిలీ ముక్క సరిగ్గా అదే. పెట్టెలో ఉండాల్సిన నాలుగు సైలాన్ ముక్కల్లో ఒకటి. ముందు వైపు బాగానే ఉంది. వెనక వైపు మాత్రం మిగతావాటికన్నా తెల్లబారి ఉంది, అంచున కత్తెర వంకర కనిపిస్తోంది.

రెండో శనివారం రాత్రి మా ఇంట్లో ఐదుగురం కూర్చున్నాం. మొదటి ఆటలో ఆ ముక్క మా బావమరిదికి పడింది. అప్పటికి ఎవరూ గమనించలేదు, వాడు రెండు గంటలు మమ్మల్ని బాగా ఏడిపించి చివర్లో బయటపడ్డాడు. రెండో ఆటకి అదే ముక్క మా అక్క ముందు పడింది. తను ఇంకా ఎత్తి చూసుకోనే లేదు, వాడు "అక్కా, నువ్వేనా!" అనేశాడు. అక్క ముక్క తిప్పి చూసి, నవ్వి, అక్కడే పెట్టేసింది. ఇంకో మూడు గంటలు ఆడాల్సిన ఆట అక్కడితో అయిపోయింది. అన్నం తిని పడుకున్నాం.

ముక్కలకి ప్లాస్టిక్ కవర్లు వేసుకోమని మీవాళ్లు సలహా ఇచ్చారు. వెనక వైపు నల్లగా ఉండే కవర్లు వేస్తే రంగు దాగుతుంది, ఒప్పుకుంటాను. మరి మందం? రెండు పొరల అట్ట వేలికి తెలిసిపోతుంది. రమ్మీ ఆడే ఇంట్లో పెరిగిన ఎవరినైనా అడగండి. బదులుగా అన్‌ఫాథమబుల్ అనే ఆట పంపిస్తామని కూడా అన్నారు. 2021లో ఇవే నియమాలని సముద్రంలో ఓడ మీదకి మార్చి తెచ్చిన ఆట అది, మంచిదే. కానీ అది ఇప్పటికీ కొత్తగా దొరుకుతుంది. గెలాక్టికా ముద్రణ ఆగిపోయింది కాబట్టే కదా మీరు ఇంత ధర పెట్టింది, నేను కట్టింది!

పెట్టె మీది ప్లాస్టిక్ వదులుగా ఉన్నప్పుడే అనుమానం రావాల్సింది. లోపల స్కిల్ ముక్కలు ఐదు రంగులూ కలిసిపోయి ఉన్నాయి. ఎవరో ఆడి, తిరిగిచ్చిన పెట్టె ఇది. ఒక రైడర్, అంటే సైలాన్ల చిన్న ప్లాస్టిక్ ఓడ బొమ్మ, రెక్క చివర విరిగింది, పదహారింటిలో ఒకటేగా అని ఫెవిక్విక్‌తో అతికించుకున్నాం, దాని గురించి అడగను. వాడినదని చెప్పి, తగ్గించి అమ్మినా తీసుకునేవాణ్ణే.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మొదటి గడువు ఎలాగూ దాటింది. రెండోది ఏప్రిల్ 16తో అయిపోతుంది. అప్పటికి ఇంకో పెట్టెలోంచి తీసిన అసలు ముక్కైనా పంపండి, లేదా మీ ఖర్చుతో పెట్టె వెనక్కి తీసుకుని మొత్తం డబ్బు ఇచ్చేయండి. లేకపోతే 17న పొద్దున్నే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. కూపన్ వద్దు.

నకిలీ ముక్క, అసలు ముక్క పక్కపక్కన పెట్టి తీసిన ఫొటోలు, బిల్లు జత చేశాను. ఫొటోలు పగటి వెలుతురులో చూడండి, ట్యూబ్‌లైట్ కింద తేడా అంతగా తెలీదు.

ఇట్లు,
మీ కస్టమర్,
మియాపూర్, హైదరాబాద్
ఏప్రిల్ 10